ఏబీ నెగెటివ్ కొడుకు

భివండీ కనేరిలో సాగర్‌ను ఎరగని కార్ఖానా లేదు. నూలు చుట్టిన ఇనుప బీమును ఇద్దరు మనుషులు చెరో కొస పట్టి మోస్తే, సాగర్ ఒక్కడే భుజానికెత్తుకుని, దారిలో కనబడినవాళ్లను పలకరిస్తూ నడిచిపోయేవాడు. ఇరుకు గల్లీలో ఆటో గుంతలో దిగబడితే డ్రైవర్లు ముందు వాడినే కేకేసేవారు. అలాంటి మనిషికి సూదంటే భయం. చిన్నప్పుడు బడికి టీకాలవాళ్లు వస్తే కిటికీలోంచి దూకి నాగావ్ దాకా పరుగెత్తాడట. పెద్దయ్యాక కూడా జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి పోతే మొదట అడిగే మాట "గోలీలిస్తరా, సూదేస్తరా" అనే. సూదే అంటే జ్వరం తగ్గిందని చెప్పి లేచి డ్యూటీకి పోయేవాడు.

ఈ సంగతి తల్లి పెంటవ్వకు తెలుసు. సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసే దోస్తు అంకుశానికి తెలుసు. పెళ్లయి ఏడాది దాటినా భార్య కళకు మాత్రం తెలియకుండా నెట్టుకొచ్చాడు.

పెంటవ్వ భిస్సీ నడిపేది. ఊళ్లో ఆలుబిడ్డలను విడిచి పనికొచ్చిన మగవాళ్లు నెలవారీగా రెండు పూటలా తినిపోయే ఇంటిని భివండీలో అలా అంటారు. ఆమె వంటకు ఎంత పేరో నోటికీ అంత పేరు. వడ్డిస్తూ ఒక్కొక్కణ్ణి ఒక్కో మాట అనేది. ఆ పూట తనకు మాట పడకపోతే కూరలో ఉప్పు తక్కువైనట్టు మొహం పెట్టేవాళ్లు తినేవాళ్లు. ఆమె భర్త కనుకయ్య ఏళ్ల తరబడి సాంచెల మోతలో ఉండి చెవులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో ఉల్లిగడ్డలు కోస్తూ, ఎవరేమన్నా తలాడించేవాడు.

తొంభై తొమ్మిదిలో, వానలు మొదలయ్యే వేళకు కళకు అయిదో నెల. అంజూర్ ఫాటా దగ్గర కొత్తగా నర్సింగ్ హోమ్ పెట్టిన డాక్టర్ శ్రద్ధ రక్తపరీక్ష రాసిచ్చింది. ఆమెదీ మన తెలుగు ఇల్లే. తాత కాలంలోనే భివండీ చేరిన కుటుంబం. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించేది. పక్కనే నిలేష్ అనే కుర్రాడి లాబులో కళ రక్తం చూస్తే 'ఏ నెగెటివ్' అని వచ్చింది.

పెంటవ్వకు ఆ మాట నచ్చలేదు. "నెగెటివ్ అంటే మైనస్ అట గద. మైనస్ అంటే తక్కువ. నా కోడలికేం తక్కువ?" అని కళను వెంటబెట్టుకుని నాగావ్‌లో ఇంకో లాబుకు పోయింది. అక్కడ 'ఏ పాజిటివ్' అన్నారు. ఎట్లాగూ వచ్చాం కదా అని పెంటవ్వ తన చెయ్యి కూడా చాపింది. ఆమెది ఓ పాజిటివ్. ఈ రక్తం చాలామందికి పనికొస్తుందని లాబాయన అన్నందుకు ఇంటికొచ్చి నాలుగు రోజులు అదే చెప్పుకుంది. "నా పప్పు లెక్కనే. అందరికి ఒంటికి పడ్తది."

రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని శ్రద్ధ కాసేపు చూసి, కళ రక్తాన్ని ముంబైకి పంపింది. ఆ జవాబు వచ్చిన రోజు పెంటవ్వ, కళ లోపల కూర్చున్నారు. సాగర్ తలుపు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"రెండు లాబులవాళ్లూ తప్పు చెప్పలె," అంది శ్రద్ధ. "ఎట్లంటే, రక్తంల ఎర్ర కణాలుంటయి. బట్ట మీద బుటాలున్నట్టు వాటి మీద రకరకాల గుర్తులుంటయి. అండ్ల ఒకదాని పేరు డి. అది ఉంటే పాజిటివ్, లేకుంటే నెగెటివ్. కళకు ఆ బుటా ఉంది గని చాలా పల్చగ పడ్డది. ఒక లాబు మందు దాన్ని పట్టుకుంది, ఇంకో లాబు మందుకు అది కనవడలె."

"ఇంతకు నాది ప్లస్సా, మైనస్సా?" అని కళ అడిగింది.

"నీకెప్పుడన్న రక్తం ఎక్కియ్యాల్సి వస్తే మైనస్ అనుకుంటం. నువ్వు ఎవలకన్న ఇస్తే ప్లస్ అని రాసుకుంటం. రెండు దిక్కుల జాగ్రత్త."

"మా వాడకట్టుల సగం మంది గిట్లనే," అంది పెంటవ్వ. "ఇచ్చేటప్పుడు ఒక మాట, తీసుకునేటప్పుడు ఒక మాట."

శ్రద్ధ నవ్వి, మళ్లీ కళ వైపు తిరిగింది. "ఇప్పుడు అసలు పని విను. నిన్ను నెగెటివ్ లెక్కనే చూసుకుంట. కడుపుల బిడ్డకు తండ్రి నుంచి పాజిటివ్ వస్తే, ఆ రక్తం కాన్పు టైముల నీ రక్తంల కలవొచ్చు. కలిస్తే నీ ఒళ్లు దాన్ని పగోని లెక్క గుర్తు పెట్టుకుంటది. ఈ బిడ్డకు ఏం కాదు. రెండో బిడ్డ మీదికి పోతది. దానికి ఇంజెక్షన్ ఉంది, కాల్జీ నకో, ఫికర్ చెయ్యకు. తండ్రిది కూడ నెగెటివ్ అయితే అదీ అక్కర్లేదు. అందుకే ఆయన రక్తం చూడాలె. సాగర్, రేపు పొద్దున నిలేష్ దగ్గరికి పో."

సాగర్ చేతిలో గొడుగు దానంతటదే విచ్చుకుంది.

"పోతడు తియ్," అంది పెంటవ్వ, కొడుకు వైపు చూడకుండా. "గంత బీము మోసేటోనికి గింత సూదెంత?"

ఆ సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర సాగర్ అంకుశాన్ని పట్టుకున్నాడు. అంకుశం పుల్లలా ఉంటాడు. కార్ఖానాలో కరెంటు పోతే ఉక్కకు ముందు వాడే పడిపోయేవాడు. కానీ సూదంటే మాత్రం దోమ కుట్టినంత.

"పేరు నాది, చెయ్యి నీది. గంతే," అన్నాడు సాగర్.

"నా రక్తం నీదని చెప్పుడేందిరా? డాక్టరుకు ఎరుకైతే?"

"రక్తం మీద పేరు రాసుంటదా? అందరిది ఎర్రగనే ఉంటది. ఆదివారం నిన్ను కల్యాణ్‌కు తోలుకపోయి సిన్మా చూపిస్త."

మర్నాడు లాబులో నిలేష్ "సాగర్ కౌన్?" అని పిలవగానే ఇద్దరూ లేచారు. సాగర్ గబుక్కున గోడమీది క్యాలెండరు వైపు తిరిగి, ఆ నెలలో పండుగలేమున్నాయో చదవసాగాడు. అంకుశం కుర్చీలో కూర్చుని తండ్రి పేరు కనుకయ్య అనీ, భార్య పేరు కళ అనీ చెప్పాడు. భార్య పేరు చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. రబ్బరు పట్టీ చప్పుడు వినబడేసరికి సాగర్ బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర తేలాడు. అంకుశం మోచేతి మడతలో దూది అదుముకుంటూ వచ్చాక, ఆ దూదినీ పట్టీనీ ఊడబీకి తన చేతికి అంటించుకున్నాడు.

అది చూసి కళ కంగారుపడింది. "నొప్పైందా?" అంటూ ఆ పూట అన్నంలో కోడిగుడ్డు దాచి పెట్టింది. సాగర్ నొప్పి పెద్దగా లేదని, కొంచెం ఉందని చెప్పి గుడ్డు తిన్నాడు. పెంటవ్వ ఆ దూదిని ఒకసారి, కొడుకు మొహాన్ని ఒకసారి చూసి కూర గిన్నె వైపు తిరిగింది.

రిపోర్టు తీసుకుని ముగ్గురూ మళ్లీ శ్రద్ధ దగ్గరికి పోయారు.

"ఏబీ నెగెటివ్," అంది శ్రద్ధ, కనుబొమలెత్తి. "సాగర్, నీది చాన అరుదు. మంచిదే అయింది. ఇద్దరిది నెగెటివ్ లెక్కనే. ఇంజెక్షన్ అక్కర్లేదు."

సాగర్‌కు గుండెల మీది బీము దించినట్టయింది. ఇంజెక్షన్ అక్కర్లేదన్న మాట సూదిలా గుచ్చుకుంది గానీ, దాన్ని తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాడు. కళ అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటోంది. పెంటవ్వ మాత్రం లేవలేదు.

"బిడ్డా, నాకొక డౌటు," అంది. "నాది ఓ పాజిటివ్. వీడు నా కొడుకు. ముక్కు నాదే, మొండితనం నాదే. మరి రక్తం నాది పడకుండ ఏబీ ఎట్లయింది?"

శ్రద్ధ కాగితం మీద ఏదో రాయబోతూ ఆగింది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "అమ్మా, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. సాగర్ మీ కడుపున పుట్టినోడేనా?"

"ఎందుకడిగినవు?"

"ఏ అనేది ఒక గుర్తు, బీ అనేది ఒక గుర్తు. ఏబీ బిడ్డకు ఒకటి తల్లి ఇయ్యాలె, ఒకటి తండ్రి ఇయ్యాలె. ఓ అంటే రెండూ లేనట్టు. మీ దగ్గర లేనిది మీరు కొడుక్కు ఎట్లిస్తరు? ఎక్కడో లక్షల్ల ఒకరికి లెక్క తప్పుతదేమో గని, మామూలుగ ఓ తల్లికి ఏబీ బిడ్డ పుట్టడు."

సాగర్ నేల చూపులు చూస్తున్నాడు. పెంటవ్వ వాడి వైపు నిదానంగా, తూకం వేసినట్టు చూసింది.

"తండ్రెవరంటే జనం మాట్లాడుకునే సందుంటది," అంది చివరికి. "తల్లెవరంటే సందేముంటది? ఇంత పెద్ద తలకాయ బయిటికొచ్చేతందుకు ఎంత సేపు పట్టిందో నాకే ఎరుక."

"లాబుల తారుమారైందేమో. మళ్లోసారి తీయిద్దాం."

"వద్దు బిడ్డా. సదువుకున్నోళ్ల లెక్క తప్పయితదా? ఆ దినం పొత్తిళ్లల్ల పిల్లలను మార్చిండ్రో ఏమో. గీ పరాయి పోరనికి ఇన్నేండ్లు అన్నం పెట్టిన. రెండు దినాలు టైమియ్యి. నా అసలు కొడుకెక్కడున్నడో దేవులాడుకుంట."

శ్రద్ధ ఆమె మొహంలోకి చూసింది. మరుక్షణం ఫైలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు వచ్చిందేమో అనుకున్నాడు సాగర్.

ఇంటికి రాగానే మొదలైంది. తినే వేళకు సాగర్ ఎప్పటిలా పొయ్యి దగ్గర పీట వేసుకోబోతే పెంటవ్వ ఆపింది. "మీరు గక్కడ బంతిల కూసోండ్రి. ఇది ఇంటోళ్ల జాగ."

తల్లి నోట 'మీరు' విని సాగర్ పీట గోడకు ఆనించేశాడు. పదిమందితో పాటు గోడ వెంట కూర్చున్నాడు.

"ఏ ఊరు మీది? కొత్తగొచ్చిండ్రా?" అని అడిగింది పెంటవ్వ, పల్చటి పప్పు పోస్తూ. "మొకం ఎక్కడనో చూసినట్టున్నది."

బంతిలో వాళ్లకు సంగతి తెలియకపోయినా నవ్వు ఆగలేదు. అప్పుడు ఆమె చూపు అంకుశం మీద పడింది. వాడి పక్కన చతికిలబడి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది.

"అంకుశం, ఎన్నడు సరిగ చూడలె గని, నీ మొకం అచ్చం మా అన్న మొకమే. గా చెవులు చూడు. ఎంత చిక్కిపోయినవు బిడ్డా, అవ్వ పెట్టక."

అంకుశానికి పొలమారింది. ఆమె వాడి నెత్తిన తట్టి, సాగర్ కోసమని దాచే అడుగు కూర, మూలుగున్న నల్లి బొక్కతో సహా వాడి పళ్లెంలో వేసింది. తర్వాత ఉల్లిగడ్డలు కోస్తున్న భర్త చెవి దగ్గర వంగి, "ఇన్నవా, గీ సాగర్ మనోడు కాదట" అని అరిచింది.

"మానుకొమ్మంటే ఎట్ల మానుకుంటడు?" అన్నాడు కనుకయ్య. "చాయే గద, తాగనియ్."

మర్నాడు సాగర్ తువాలు అంకుశం భుజం మీద కనబడింది. సాగర్ గ్లాసులో అంకుశం చాయ్ తాగుతున్నాడు. తాగనంటే పెంటవ్వ ఊరుకోవడం లేదు. "నాకు గీ మర్యాద వద్దురా, చెప్పెయ్," అని అంకుశం గొణిగాడు. "మీ అవ్వ రాత్రికి నాకు తలంటు పోస్తనంటున్నది." సాగర్ పళ్లు కొరికాడు గానీ నోరు విప్పలేదు. చెప్తే సూది. చెప్పకపోతే పల్చటి పప్పు. ఎన్నాళ్లైనా పప్పే నయమనుకున్నాడు.

వాడి లెక్క తప్పించింది కళ. ఆ మధ్యాహ్నం నల్లా దగ్గర గిన్నెలు తోముతూ, చేతులు కడుక్కోవడానికి వచ్చిన అంకుశం మోచేతి దగ్గర కమిలిన మచ్చ చూసింది. గిన్నెలు బోర్లించి, లోపలికొచ్చి సాగర్ ముందు కూర్చుంది.

"నీ చెయ్యి చూపియ్."

"ఏ చెయ్యి?"

"దూది పెట్టుకున్న చెయ్యి."

సాగర్ చూపించాడు. నున్నగా ఉంది. దోమకాటు కూడా లేదు.

కళ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది సాగర్‌కు. "నన్ను నిలేష్ గుచ్చిండు, నాగావ్‌ల గుచ్చిండ్రు, ముంబైకి పంపేతందుకు మల్ల గుచ్చిండ్రు," అంది. "నేను ఒక్క మాటనలె. నీకు భయమైతే నాకు చెప్పరాదా? నేను నవ్వుదును. గంతే గద. నవ్వితే ఏం పోతది?"

"చెప్దామనే అనుకున్న."

"ఎప్పుడు? ఇంజెక్షన్ అక్కర్లేదని డాక్టరమ్మ అన్నప్పుడు నువ్వు అక్కడనే నిలవడ్డవు. నోరు తెరవలె. రేపు రెండో పిల్లకు ఏమన్న అయినంక చెప్తుంటివా?"

ఆ రోజు సూదిలా గుచ్చుకున్న మాట ఇదే. అప్పుడు తర్వాత చూసుకుందామని నెట్టేశాడు. చూసుకోవాల్సింది ఎదురుగా కూర్చుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. భయం సూది దగ్గరే ఆగిపోతుందనుకున్నాడు గానీ, అది ఇంకా పుట్టని బిడ్డ దాకా పాకుతుందని వాడికి తట్టలేదు. "నీతో కూడ అబద్ధమాడి గుడ్డు తిన్న" అన్నాడు.

"గుడ్డు సంగతి తర్వాత. ముందు అత్తమ్మకు చెప్పుపో."

పెంటవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వాడు ఎదురుగా నిలబడి, "అవ్వా, నేను నీ కొడుకునే" అన్నాడు.

"సబూత్ ఏమున్నది?" అంది ఆమె తలెత్తకుండా.

"రేపు పొద్దున ఇస్త."

అప్పుడు తలెత్తింది. నవ్వు ఆపుకోలేక చేట పక్కన పెట్టింది. "డాక్టరమ్మ అడిగిన నిమిషానికే నాకెరుక. నా కడుపుల పుట్టింది నువ్వే, గా కిటికీల నుంచి ఉరికింది నువ్వే. నువ్వు సూది పొడిపిచ్చుకున్నవంటే నేను నమ్ముతనారా? నీ అంతట నువ్వు చెప్తవని చూసిన. ఇంక రెండు దినాలు చెప్పకపోతే అంకుశాన్ని దత్తత తీసుకుందును."

మర్నాడు లాబుకు చిన్న ఊరేగింపే పోయింది. పెంటవ్వ, కళ, అంకుశం, పని మానుకుని వచ్చిన ఇద్దరు ముగ్గురు భిస్సీవాళ్లు. నిలేష్ "సాగర్ కౌన్?" అనగానే అలవాటు కొద్దీ అంకుశం లేచి, పెంటవ్వ చూపు తగిలి కూర్చున్నాడు. నిలేష్, కుర్చీని నింపేసిన మనిషిని చూసి, "మొన్నటి సాగర్ సన్నగుండె గద" అన్నాడు.

"మా ఇంటి తిండి గట్లుంటది," అంది పెంటవ్వ.

కళ సాగర్ మొహాన్ని తన వైపు తిప్పుకుని, పుట్టబోయే బిడ్డకు ఏ పేరు పెడదామో చెప్పమంది. వాడు ఒక పేరు మొదలుపెట్టాడు. రబ్బరు పట్టీ బిగిసింది. పేరు సగంలోనే ఆగిపోయి, కనేరిలో బీములు మోసే మనిషి కుర్చీలోంచి నిండు బస్తాలా జారాడు. భిస్సీవాళ్లూ అంకుశమూ కలిసి పట్టి బల్ల మీద పడుకోబెట్టారు. వాడు కళ్లు తెరిచేసరికి నిలేష్ సీసా మీద పేరు అంటిస్తున్నాడు.

"అయిందా?" అన్నాడు సాగర్.

"ఎప్పుడో అయింది," అంది కళ. ముందే చెప్పినట్టు, నవ్వింది. వాడికేమీ పోలేదు.

బీ పాజిటివ్ వచ్చింది. శ్రద్ధ ముందు కూర్చున్నాక పెంటవ్వ మొదట అడిగింది, ఓ తల్లికి బీ కొడుకు పుట్టవచ్చా అని. పుట్టవచ్చు, ఆ బీ తండ్రి నుంచి వచ్చింది అని శ్రద్ధ చెప్పింది.

"అయితే అది మా ముసలాయనదన్నట్టు," అంది పెంటవ్వ. "పోనీ, ఇన్నేండ్లకు సంసారానికి ఆయన కూడ ఏదో ఇచ్చిండని ఎరుకైంది."

శ్రద్ధ సాగర్‌ను నవ్వుతూనే కోప్పడింది. తర్వాత నవ్వు మాని, తప్పుడు కాగితం మీద నమ్మకం పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో మళ్లీ ఒకసారి వివరంగా చెప్పింది. సాగర్ తల వంచుకుని చివరిదాకా విన్నాడు. ఏడో నెలలో కళకు ఒక ఇంజెక్షన్ వేశారు. ఆ రోజు సాగర్ బయటికి పోకుండా గదిలోనే నిలబడ్డాడు, గోడ వైపు తిరిగి.

చలి మొదలయ్యాక ఆడపిల్ల పుట్టింది. బొడ్డు రక్తం చూస్తే బీ పాజిటివ్. కళకు మూడు రోజుల లోపలే ఇంకో ఇంజెక్షన్ పడింది. పిల్లను చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ పెంటవ్వ ఆ బీ ఎక్కడినుంచి దిగివచ్చిందో వరస పెట్టి చెప్పేది. కనుకయ్య అర్థమైనట్టే తలాడించేవాడు.

ఇక అంకుశం. అసలు ఏబీ నెగెటివ్ వాడేనని తేలాక శ్రద్ధ వాడి పేరు, చాయ్ హోటల్ ఫోన్ నంబరు రాసుకుంది. అలాంటి రక్తం దొరకడం కష్టమని, అవసరపడితే పిలుస్తానని చెప్పింది. వాడి బక్కతనం చూసి బరువు కూడా తూచింది. రక్తమివ్వడానికి బొటాబొటిగా సరిపోయింది. ఆ రెండు రోజులు పెంటవ్వ పెట్టిన నల్లి బొక్కల పుణ్యమే అన్నారు భిస్సీవాళ్లు.

ఉగాది దాటాక ఒకరోజు హోటల్‌కు ఫోనొచ్చింది. పక్కనున్న ఠాణా పట్నంలో ఎవరో బాలింతకు రక్తం కావాలట. అంకుశం ఉతికిన అంగీ వేసుకున్నాడు. కార్ఖానాలో కనబడిన ప్రతివాడికీ తన రక్తం కోసం ఠాణా నుంచి పిలుపొచ్చిందని చెప్పాడు. తోడు పొమ్మని పెంటవ్వ సాగర్‌ను పంపింది. ఎందుకు పంపుతోందో వాడికి తెలుసు గనుక వద్దనలేదు.

అక్కడ అంకుశం మంచం మీద దర్జాగా పడుకుని, పిడికిలి మూస్తూ తెరుస్తూ, సేఠ్‌లా నర్సుతో ఊరి సంగతులు మాట్లాడాడు. సాగర్ పక్క స్టూలు మీద కూర్చుని ఈసారి గోడ చూడకూడదనుకున్నాడు. గొట్టంలో ఎర్రగా కదులుతున్నదాన్ని కొంతసేపు చూశాడు కూడా. పని అయ్యాక నర్సు ట్రేలో చాయ్, బిస్కెట్లు పట్టుకొచ్చింది. లేచి కూర్చున్న పుల్లలాంటి మనిషినీ, స్టూలు మీద సున్నంలా తెల్లబడిన భారీ మనిషినీ మార్చి మార్చి చూసింది.

రక్తమిచ్చింది వాడేననుకుని చాయ్ సాగర్ చేతికిచ్చి, "పీయో భాయ్, ఖూన్ దియా హై నా" అంది.

సాగర్ అవునని తలూపి, బిస్కెట్ ముంచుకున్నాడు.